పదమూడు వందల అరవై రూపాయలు

నా బ్యాంకు ఖాతా ఆపింది ఎవరో తెలిసేసరికి దసరా వెళ్ళిపోయింది. ఎందుకు ఆపారో తెలిసేసరికి దీపావళి కూడా అయిపోయింది. పచ్చళ్ళు, పొడులు, పిండివంటలు అమ్ముకునేవాళ్ళు ఏడాది మొత్తంలో నాలుగు డబ్బులు కళ్ళచూసేది ఆ రెండు పండగల మధ్యనే. 2024లో నాకు ఆ పండగల బేరం లేకుండా పోయింది.

మేముండేది గ్రేటర్ నోయిడా వెస్ట్‌లో. ఇక్కడివాళ్ళు ఇంకా నోయిడా ఎక్స్‌టెన్షన్ అనే అంటారు. మాది తెనాలి దగ్గర పల్లె. మా ఆయన ఓఖ్లాలో ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు చూస్తారు. ఆయన జీతం ఫ్లాటు ఈఎంఐకీ, మెయింటెనెన్సుకీ సరి. పిల్లల ఫీజులు, మా అత్తయ్య ఇన్సులిన్, పాలు, కూరలు, కరెంటు అన్నీ నా వంటింటి మీదే నడుస్తాయి. లాక్‌డౌన్‌లో పక్క టవర్లో చిక్కుకుపోయిన తెలుగు కుర్రాళ్ళకి కందిపొడి, చింతకాయ పచ్చడి చేసి పంపడంతో మొదలైంది ఈ పని. ఆ తర్వాత ఇందిరాపురం, మయూర్ విహార్, ద్వారక దాకా పాకింది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉంది, పాన్ ఉంది, వచ్చిన ప్రతి ఆర్డరూ నోటు పుస్తకంలో రాసి ఉంది. మిర్చి గుంటూరు నుంచే తెప్పిస్తాను. గోంగూర ఐఎన్‌ఏ మార్కెట్‌లో దొరుకుతుంది గానీ ఆ పులుపు రాదు.

డబ్బంతా ఫోన్‌లోనే. 2016లో యూపీఐ వచ్చింది, అదే ఏడాది నవంబరులో పెద్దనోట్లు రద్దయ్యాయి, ఆ తర్వాత ఈ ఊళ్ళో జేబులో చిల్లర పెట్టుకు తిరిగేవాళ్ళే కరువయ్యారు. శనివారాలు సొసైటీ గేటు దగ్గర బల్ల వేసుకుంటాను. బల్ల మీద క్యూఆర్ కోడ్ అట్ట, దాని పక్కన డబ్బు పడగానే ఎంత పడిందో హిందీలో అరిచే చిన్న స్పీకరు పెట్టె. ఆ పెట్టెకు నెలనెలా అద్దె. పేమెంట్ యాప్ కంపెనీ కుర్రాడు బల్ల దగ్గరికొచ్చి ఫొటో తీసి, ఆధార్ తీసుకుని, అరగంటలో అన్నీ బిగించి వెళ్ళాడు. వాళ్ళు మనల్ని చేర్చుకోవడంలో చూపించే చురుకుదనం చూసి తీరాలి.

సెప్టెంబరు చివర్లో, శరన్నవరాత్రులకు ముందు, గుంటూరు వ్యాపారికి మిర్చి డబ్బు పంపబోతే పోలేదు. మళ్ళీ నొక్కాను. మీ బ్యాంకును సంప్రదించండి అని వచ్చింది. సర్వర్ పోయి ఉంటుందనుకుని ఏటీఎంకి వెళ్ళాను. అక్కడా రాలేదు. ఖాతాలో ఎనభై వేల పైచిలుకు ఉంది, అది తెర మీద కనిపిస్తూనే ఉంది.

మర్నాడు బ్యాంకులో టోకెన్ తీసుకుని కూర్చుంటే, కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, నా మొహం చూసి, లేచి లోపలికి వెళ్ళింది. అంతదాకా నన్ను 'ఆంటీ జీ' అని పిలిచే పిల్ల, తిరిగి వచ్చాక 'ఆప్' దగ్గరే ఆగిపోయింది. మేనేజరు గదిలోకి పిలిచారు.

"డెబిట్ ఫ్రీజ్ పడింది మేడమ్. ఊపర్ సే హై."

"పైనుంచి అంటే ఎవరండీ?"

"సైబర్ సెల్."

"ఏ ఊరి సైబర్ సెల్?"

ఆయన తెర వైపు చూశాడు. ఆ తెరను నా వైపు ఒక్క అంగుళం తిప్పితే సరిపోయేది. తిప్పలేదు. అది హెడ్ ఆఫీసుకు మెయిల్‌లో వస్తుందట, బ్రాంచికి వివరాలు రావట, కాగితం కాపీ ఇవ్వడం కుదరదట. "మీరు పోలీసులతో మాట్లాడుకుని ఎన్‌ఓసీ తెచ్చుకోండి, ఒక్క నిమిషంలో తీసేస్తాం" అన్నాడు. ఏ పోలీసులతో మాట్లాడాలో చెప్పకుండా ఎన్‌ఓసీ తెమ్మనడంలో తప్పేమీ ఆయనకు కనిపించలేదు. మనిషి చెడ్డవాడు కాదు, మంచినీళ్ళు కూడా తెప్పించాడు.

డెబిట్ ఫ్రీజ్ అంటే డబ్బు బయటికి పోదు, లోపలికి మాత్రం వస్తుంది. ఇది నాకు అర్థమయ్యేసరికి ఆ శనివారం బల్ల వేసుకుని కూర్చుని ఉన్నాను. జనం కొంటున్నారు, కోడ్ స్కాన్ చేస్తున్నారు, పెట్టె ఉత్సాహంగా అరుస్తోంది. నూట ఎనభై. మూడు వందల ఇరవై. అరిచిన ప్రతిసారీ నా డబ్బు నాకు అందనిచోటికి పోతోంది. ఇక ఉండలేక అట్ట బోర్లా తిప్పేసి "క్యాష్ ఉంటే ఇవ్వండి" అన్నాను. సగంమంది సీసా కింద పెట్టి వెళ్ళిపోయారు. ఆ నెల కూడా స్పీకరు పెట్టె అద్దె మాత్రం, వచ్చిన డబ్బులోంచి ముందే కోసుకున్నారు.

ఆ యాప్ కంపెనీకి ఫోన్ చేద్దామంటే మనిషి దొరకడు. సహాయం అని నొక్కితే మర మాట్లాడుతుంది. మీ సమస్య ఇదా, ఇదా, ఇదా అని అడుగుతుంది. నాది అందులో లేదు. 'ఇతరములు' నొక్కి రాసుకుంటే టికెట్ నంబరు వచ్చింది, రెండోరోజు ఆ టికెట్ దానంతటదే మూసుకుపోయింది, ఆ తర్వాత మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగారు. చివరికి మెయిల్‌కి జవాబు రాయించగలిగితే అందులో ఉన్నది ఇంతే: మేము కేవలం చెల్లింపు వేదికను అందిస్తాము, మీ బ్యాంకును సంప్రదించగలరు. నేను ఏ వేళప్పుడు ఏం కొన్నానో, ఎవరికి ఎంత పంపానో చూసి అప్పు కావాలా, బీమా కావాలా అని రోజూ గంట కొట్టే కంపెనీ ఇది. ఆపద వచ్చేసరికి ఒట్టి వేదికైపోయింది.

ఇంట్లో ఏం జరిగిందో ఎక్కువ రాయను. స్కూలు ఫీజు ఆటో డెబిట్ వెనక్కి వచ్చింది, దానికి బ్యాంకు జరిమానా వేసింది. ఆపిందీ వాళ్ళే, జరిమానా వేసిందీ వాళ్ళే. కిరాణా బన్సల్ గారు "లిఖ్ లూంగా భాభీజీ" అని పద్దు రాసుకున్నారు, ఆయనకు ఋణపడి ఉంటాను. అత్తయ్య ఇన్సులిన్ పెన్నుల కోసం గాజులు తాకట్టు పెట్టడానికి గోల్డ్ లోన్ కంపెనీకి వెళితే చేతికి 20 వేలే ఇస్తామన్నారు. అంతకు మించి నగదు ఇవ్వకూడదని ఆ ఏడాది మే నెలలోనే రిజర్వు బ్యాంకు ఆ కంపెనీలకు గుర్తుచేసిందట. మిగతాది ఖాతాలో వేస్తాం, నంబరు చెప్పండి అంటే నాకు నవ్వు వచ్చింది. ఆ 20 వేలే తీసుకుని వచ్చాను.

డబ్బు కన్నా బాధపెట్టింది మాట. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు, ఆవిడ ఖాతా పోలీసులు ఆపారట అని. మయూర్ విహార్ నుంచి ఒకావిడ, నాలుగేళ్ళుగా నా దగ్గరే ఉసిరికాయ పచ్చడి కొనే ఆవిడ, ఫోన్ చేసి "ఏం లేదు వదినా, మొన్న మీకు డబ్బులు పంపాం కదా, మాకేమీ ఇబ్బంది రాదుగా?" అని అడిగింది. రాదని నేను ఎలా చెప్పగలను? నాకూ అలాగే వచ్చింది. ఆ దీపావళికి సున్నుండలు, కజ్జికాయల ఆర్డర్లు సగానికి సగం పడిపోయాయి.

మా టవర్లోనే ఉండే ఒక రిటైర్డ్ అధికారి బాబాయ్‌గారు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోమన్నారు. ముద్ర పడ్డాక గానీ జవాబు రాలేదు. జవాబులో ఒక దూరపు రాష్ట్రంలోని సైబర్ పోలీసు స్టేషను పేరు, మెయిల్ ఐడీ, ఫిర్యాదు నంబరు, వివాదంలో ఉన్న మొత్తం 1,360 రూపాయలు అని ఉంది. నాకు మొదట అంకె తప్పు చదివానేమో అనిపించింది. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. పదమూడు వందల అరవయ్యే.

పుస్తకం తీసి వెతికాను. సెక్టార్ 62లో పీజీ హాస్టల్లో ఉండే ఒక అబ్బాయి. కందిపొడి, ఉలవచారు, గోంగూర పచ్చడి కిలో, సున్నుండలు. వచ్చి తీసుకెళ్ళాడు. "మా అమ్మ చేసినట్టే ఉన్నాయి ఆంటీ" అని మెసేజి కూడా పెట్టాడు. ఇప్పుడు ఆ నంబరు పనిచేయడం లేదు. అతను దొంగో, తన ఖాతా ఎవరికో అద్దెకిచ్చిన అమాయకుడో, నాలాగే ఎవరి దగ్గరో పుచ్చుకున్నవాడో నాకు ఈరోజుకీ తెలియదు.

ఆ స్టేషనుకు మెయిళ్ళు పెట్టాను. ఇచ్చిన ఫోన్ నంబరు మోగి మోగి ఆగేది. ఎప్పటికో ఒక కానిస్టేబులు ఎత్తాడు. హిందీ అతనికీ అంతంతమాత్రమే. "మీ అకౌంట్ లేయర్ ఫోర్‌లో ఉంది" అన్నాడు. లేయర్లంటే ఇవి: మోసపోయినాయన డబ్బు మొదట ఒక ఖాతాలోకి వెళుతుంది, అది మొదటి లేయర్. అక్కడి నుంచి నిమిషాల్లో పది ఖాతాల్లోకి, వాటి నుంచి మరెన్నో ఖాతాల్లోకి చీలిపోతుంది. ఫిర్యాదు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేరగానే ఆ గొలుసు పొడుగునా ఎవరెవరి ఖాతాలు తగిలితే వాటిని ఆపమని బ్యాంకులకు మెయిల్ వెళ్ళిపోతుంది. దొంగ డబ్బు దాచుకున్నవాడూ, దొంగ కొనుక్కున్న పచ్చడి సీసా అమ్మినదీ ఆ జాబితాలో ఒక్కటే.

స్వయంగా వచ్చి వాంగ్మూలం ఇవ్వాలన్నాడు. పోనూ రానూ రైలు, అక్కడ బస, ఇక్కడ ఇన్సులిన్ పొడిచే దిక్కు లేని అత్తయ్య. పదమూడు వందల అరవై కోసం. "మీ డబ్బు మీకు కావాలంటే వస్తారు" అన్నాడు. అది కసిరింపు కాదు, అతనికి అదంతే.

పోగొట్టుకున్నాయన సంగతీ అతనే చెప్పాడు. రిటైరైన ముసలాయన. వీడియో కాల్‌లో పోలీసు వేషంలో కనపడి, నువ్వు డిజిటల్ అరెస్టులో ఉన్నావు అని భయపెట్టి ఊడ్చేశారట. ఆ అక్టోబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లో ఆ మోసం గురించే మాట్లాడారు. ఆగండి, ఆలోచించండి, తర్వాత అడుగు వేయండి అని జనానికి చెప్పారు. చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదన్నారు. నిజమే. నేను అది వంటింట్లో వింటున్నాను. ఆగి ఆలోచించమని జనానికి చెప్పినంత గట్టిగా, ఖాతాలు ఆపమని మెయిల్ కొట్టే స్టేషన్లకూ ఎవరైనా చెబితే బాగుండు అనిపించింది. ఆ ముసలాయన మీద నాకేం కోపం లేదు. 2024 ఒక్క ఏడాదిలోనే దేశంలో జనం సైబర్ మోసాల్లో పోగొట్టుకున్నది 22,845 కోట్లని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. డబ్బు జాడ పట్టి వెంటనే ఆపకపోతే దొరకదు, ఒప్పుకుంటాను. ఆ 1,360 ఆపితే నేను నోరెత్తేదాన్ని కాదు. ఒక గింజ పుచ్చిందని గాదె మొత్తానికి తాళం వేసి, తాళం వేసిందెవరో చెప్పకపోవడమే నాకు మింగుడుపడలేదు.

పటియాలా హౌస్ కోర్టులో పనిచేసే తెలుగు లాయరుగారు ఒకరు ఫీజు పుచ్చుకోకుండా ఒక సాయంత్రం కూర్చోబెట్టి చెప్పారు. పోలీసులు వాడింది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 106వ సెక్షను. 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది, పాత సీఆర్‌పీసీలో 102. అనుమానం ఉన్న ఆస్తిని ఏ పోలీసు అధికారైనా స్వాధీనం చేసుకోవచ్చు. బ్యాంకు ఖాతా కూడా ఆ 'ఆస్తి' కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1999లో, ఒక ప్రభుత్వోద్యోగి అవినీతి కేసులో తేల్చింది. అప్పటికి మన చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు లేవు, పచ్చడి సీసాకు ఖాతా నుంచి ఖాతాకు డబ్బు పంపేవాళ్ళు లేరు. అలా స్వాధీనం చేసుకున్నాక వెంటనే మేజిస్ట్రేటుకు తెలియజేయాలని అదే సెక్షను చెబుతుంది. ఖాతాదారుకు చెప్పాలని మాత్రం లేదు. దాని పక్కనే 107 ఉంది. నేరం వల్ల వచ్చిన సొమ్మును జప్తు చేయాలంటే పోలీసులు కోర్టును అడగాలి, కోర్టు ఆ మనిషికి పద్నాలుగు రోజుల గడువిచ్చి సంజాయిషీ అడగాలి. "మరి 107 ఎందుకు వాడరండీ?" అన్నాను. "106కి ఒక మెయిల్ చాలమ్మా" అన్నారాయన.

ఇక బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేద్దామనుకున్నాను. ముప్ఫై రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే ఎవరైనా వెళ్ళవచ్చు, పైసా ఖర్చు లేదు. కానీ అప్పుడు అమల్లో ఉన్న 2021 నాటి ఆ పథకంలోనే ఒక మినహాయింపు ఉంది: చట్టాన్ని అమలుచేసే సంస్థ ఆదేశం మీద బ్యాంకు తీసుకున్న చర్య అక్కడ విచారణకు రాదు. అంటే పోలీసులు బ్యాంకు పేరు చెబుతారు, బ్యాంకు పోలీసుల పేరు చెబుతుంది, కంపెనీ తనకసలు పేరే లేదంటుంది. ముగ్గురి మధ్యలో ఫిర్యాదు పెట్టుకోవడానికి గడప లేకుండా చేశారు.

నవంబరులో లాయరుగారే ఒక తీర్పు పంపారు. ఢిల్లీలో ఛోలే భటూరే అమ్ముకునే ఒకాయన ఖాతాలో ఎవరో వేసిన 105 రూపాయలు మోసపు సొమ్మని తేలిందని ఖాతా మొత్తం ఆపేశారు. ఆయన ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాడు. జస్టిస్ మనోజ్ జైన్ ఆ ఖాతా తెరవమన్నారు. నేరంలో చెయ్యి ఉందని ఆధారం లేకుండా, అంత చిన్న మొత్తానికి మనిషి ఖాతా అంతా బిగించడం అతని బతుకు హక్కు మీద దెబ్బేనని చెప్పారు. రాష్ట్రాలతో మాట్లాడి అందరికీ ఒకే పద్ధతి తయారుచేయమని కేంద్ర హోంశాఖకు సూచించారు. కేరళ హైకోర్టు 2023లోనే, వివాదంలో ఉన్నంత మేరకే ఆపమని చెప్పింది. నూట అయిదు రూపాయల మనిషి హైకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చిందని చదివి ఆరోజు నేను అన్నం తినలేకపోయాను. అంతకు ముందు ఏడవలేదు గానీ, అది చదివాక ఏడ్చాను.

ఆ తీర్పు, 1,360 పడిన లావాదేవీ కింద గీత గీసిన స్టేట్‌మెంటు, పుస్తకంలో ఆనాటి పేజీ, అబ్బాయి మెసేజి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కాగితం అన్నీ కలిపి స్టేషనుకీ, ఆ జిల్లా ఎస్పీకీ, బ్యాంకు హెడ్ ఆఫీసుకీ మళ్ళీ పంపాను. డిసెంబరులో స్టేషను నుంచి బ్యాంకుకు రెండు వాక్యాల మెయిల్ వచ్చింది. వివాదపు మొత్తం మాత్రం ఆపి ఉంచి, అంటే లీన్ పెట్టి, తక్కినది వదలండి అని. నాకు కాపీ లేదు, క్షమాపణ సంగతి సరే. మేనేజరు చెప్పిన 'ఒక్క నిమిషం' వారం పైన పట్టింది. ఖాతా తెరుచుకున్న రోజు మొదట ఫీజు కట్టాను, తర్వాత బన్సల్ గారి పద్దు, తర్వాత గాజులు.

2025 డిసెంబరులో, అంటే ఏడాది తిరిగాక, ఫోన్ల మీద పెద్ద గొడవ జరిగింది. కొత్తగా అమ్మే ప్రతి ఫోన్‌లోనూ సంచార్ సాథీ యాప్ ముందే వేసి ఇవ్వాలని నవంబరు 28న టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. ప్రభుత్వం మన ఫోన్‌లో కూర్చుంటుందా అని దేశమంతా అరిచింది, ఫోన్ కంపెనీలు గునిశాయి, కావాలంటే తీసేసుకోవచ్చని మంత్రి సింధియా అన్నారు, డిసెంబరు 3కల్లా ఆదేశం వెనక్కి పోయింది. మంచిదే. ఆ యాప్ కూడా మోసాలు ఆపడానికే అన్నారు, నా ఖాతా ఆపిందీ మోసాలు ఆపడానికే. అది అందరి మీదా ఒక్కరోజే పడింది కాబట్టి అందరూ కలిసి అరవగలిగారు. ఖాతా ఆపడం ఒక్కొక్కరి మీద విడివిడిగా పడుతుంది. పక్కింటివాళ్ళు కూడా నిప్పులేనిదే పొగరాదుగా అన్నట్టు చూస్తారు. 2025 ఆగస్టులో యూపీఐలో ఒక్క నెలకి 2 వేల కోట్ల లావాదేవీలు దాటాయని టీవీలో గొప్పగా చెప్పారు. అందులో ప్రతి ఒక్కదాని అవతలి కొసన ఎవరున్నారో చూసుకుని డబ్బు పుచ్చుకోవడం ఏ కూరలమ్మికైనా సాధ్యమా?

పోలీసుల మీద నేను చేయగలిగింది లేదు. వాళ్ళ పని వినియోగదారుల చట్టం దృష్టిలో సేవ కాదు. బ్యాంకుది సేవే. 2019 చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపుకి ఫీజు లేదు, లాయరు లేకపోయినా ఫరవాలేదు. గౌతమబుద్ధ నగర్ జిల్లా కమిషన్‌లో వేశాను. ఖాతా ఆపినట్టు ఒక్క మెసేజి కూడా ఇవ్వనందుకు, వాళ్ళు ఆపిన ఖాతాలోంచి డబ్బు రాలేదని జరిమానా వేసినందుకు. బ్యాంకు లాయరు మొదటి మాటే, ఈవిడ వ్యాపారి, వినియోగదారు కాదు అన్నాడు. బతుకుతెరువు కోసం సొంతంగా చేసుకునే పని ఆ మినహాయింపులోకి రాదని చట్టంలో వివరణ ఉంది. ఆ పేజీ మా పాప అండర్‌లైన్ చేసి ఇచ్చింది, నేను చదివి వినిపించాను.

1,360 మీద లీన్ ఇంకా అలాగే ఉంది. నష్టపరిహారం ఎంతిస్తారో నాకు పెద్ద పట్టింపు లేదు. నా ఖాతా ఆపమని వచ్చిన ఆ మొదటి మెయిల్ కాపీ ఇప్పించమని అడిగాను, దాని మీద ఎవరి సంతకం ఉందో, ఏ తేదీ ఉందో, మేజిస్ట్రేటుకు తెలిపినట్టు అందులో ఉందో లేదో చూడాలి. అది రహస్యమని బ్యాంకు అభ్యంతరం చెప్పింది. దాని మీద వాదనలు వచ్చే వాయిదాలో వింటామన్నారు.